మా నాయన ఓ పాజిటివ్

ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు చేరగానే మా కాలేజీలో ఒక స్వాగత సభ పెడతారు. మైకు పట్టుకుని ఫస్టియర్ వాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పే పని నాకే తగిలిస్తారు. నేను జువాలజీ చెబుతాను. నాకు మాట్లాడడం వచ్చని కాదు, మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్లు ఆ రోజు సెలవు పెట్టుకోవడంలో నాకంటే చురుకు. ప్రిన్సిపాల్ గారు "ఐదు నిమిషాలు చాలమ్మా, పిల్లలు ఎండలో ఉన్నారు" అంటారు. క్లాసుకు టైముకు రండి, ల్యాబులో రికార్డు మీరే రాసుకోండి, ఫోన్ తగ్గించండి, అర్థం కాకపోతే అడగండి అని చెప్పి దిగిపోతాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ఎందుకు కొడతారో నాకిప్పటికీ తెలియదు. ఆ సలహాల్లో ఒక్కటి కూడా నేను ఫస్టియర్‌లో పాటించలేదు, పాటించి ఉంటే ఏం ఒరిగేదో కూడా చెప్పలేను.

నాకు పనికొచ్చిన సంగతి వేరే ఉంది. అది మైకులో చెబితే ఉద్యోగం పోకపోయినా పరువు పోతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నాయనకు నాలుగెకరాల మెట్ట చేను, అందులో వేరుశెనగ. వాన రాని ఏళ్లలో ఆయనకు ఇంకో పని ఉండేది. బోరు వేయించుకునే వాళ్ల చేలకు వెళ్లి నీళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పడం. మా వైపు దాన్ని పాయింటు పెట్టడం అంటారు. మా వైపు వాన రాని ఏళ్లే ఎక్కువ కాబట్టి, నాయన రైతుగా కంటే పాయింటు మనిషిగానే ఎక్కువ మందికి తెలుసు.

పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతట అది లేచి నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పెడతారు. బోరు బండి వచ్చి సరిగ్గా ఆ రాయి దగ్గరే దించుతుంది. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు. ఒంట్లో ఓ పాజిటివ్ రక్తం ఉన్న వాళ్లకే టెంకాయ లేస్తుందని మా వైపు చదువుకున్న వాళ్లు కూడా నమ్ముతారు. మా నాయనకు టెంకాయ లేస్తుంది. కాబట్టి మా నాయన ఓ పాజిటివ్. ఆయన రక్తాన్ని ఎవరూ పరీక్ష చేయించలేదు. టెంకాయే పరీక్ష.

అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు "మావోడు ఓ పాజిటివప్పా" అనేది. కొడుకు ఏదో పెద్ద చదువు పాసైనట్టే చెప్పేది. మా ఇంట్లో అప్పటికి ఉన్న డిగ్రీ అదొక్కటే.

నాయన పెట్టిన పాయింట్లలో నీళ్లు పడినవి ఉన్నాయి. దుమ్ము లేచినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. దుమ్ము లేచినప్పుడు తప్పు ఎన్నడూ టెంకాయ మీదికి వచ్చేది కాదు. బండి వాడు తొందరపడి ఆపేశాడు. రాయిని గొర్రె తన్నేసింది. పక్క చేను వాడు ముందు రోజే మోటారు ఆడించి నీళ్లన్నీ తన వైపు లాగేసుకున్నాడు. ఒకసారి మా చేలోనే వేయిస్తే ఆరు వందల అడుగుల దాకా తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు. ఊళ్లో వాళ్లు వచ్చి, "నీళ్లుండాయిలే అన్నా, ఇంగా కిందుండాయి" అని నాయనను ఓదార్చారు. అది నిజమే అయి ఉండొచ్చు. అలా దించుకుంటూ పోతే భూమికి అవతలి వైపు సముద్రం ఉందని నేను పుస్తకంలో చదివాను.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా నాయన ఉన్నట్టుండి పాయింట్లు మానేశాడు. మోకాళ్లు నొప్పులన్నాడు. అవే మోకాళ్లతో పొద్దంతా చేలో కలుపు తీసేవాడు. అవ్వ ఏవో ఆకులు నూరి కట్టేది, ఆయన మాట్లాడకుండా కట్టించుకునేవాడు. నేను దాన్ని పట్టించుకోలేదు. నా గోల నాది.

నా గోలేమిటంటే, అనంతపురంలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చేరాలి, హాస్టల్లో ఉండాలి. మార్కులు వచ్చాయి, సీటు ఇస్తామన్నారు. కానీ మా ఇంట్లో అవ్వ ఊ అనాలి. అవ్వకు చదువు మీద కోపం లేదు, హాస్టల్ మీదా లేదు. ఆమె జీవితమంతా బిందె మోసింది కాబట్టి ఆమెకు ఒకటే అనుమానం.

"నీళ్లు లేని చోట పిల్లను యాడ పెడ్తావురా?" అని నాయనను నిలదీసింది. "ఈడ నాలుగు దినాలకొకతూరి కొళాయి వస్తాది. ఆడ గూడా అదే గతయితే ఇంట్లోనే ఉండి పరీచ్చలు రాసుకోనీ. టెంకాయ తీస్కోని పోదాం పా. లేస్తే చేర్పిద్దాం. లేయకుంటే పిల్లను ఎంటబెట్టుకోని వద్దాం."

"మోకాళ్లు నొప్పిమ్మా" అన్నాడు నాయన.

"హాస్టలేమన్నా నాలుగెకరాలుంటాదా?" అంది అవ్వ.

ఇంట్లో ఉండి పరీక్షలు రాసుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నాకంటే ముందు మా ఊళ్లో ముగ్గురు అక్కలు అలాగే చేరారు. పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఉండేవి, వాళ్లు చేలో ఉండేవాళ్లు. రెండో ఏడాది పరీక్షల దాకా ఒక్కరూ వెళ్లలేదు. నాకు నిజంగా భయం వేసింది. పన్నెండేళ్లు చదివిన చదువు చివరికి ఒక టెంకాయ లేచి నిలబడడం మీదికి వచ్చింది.

అవ్వ మమ్మల్ని నమ్మక తనూ బయలుదేరింది. గుడ్డసంచిలో టెంకాయ పెట్టుకుని, దాన్ని బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చింది. కాలేజీలో అప్లికేషన్ ఇచ్చారు. అందులో రక్తం గ్రూపు రాయాలట. గేటు ఎదురుగా ఉన్న ల్యాబుకు పంపారు. అక్కడి మనిషి వేలు పొడిచి, గాజుపలక మీద ఏదో కలిపి, బీ పాజిటివ్ అన్నాడు.

"సరిగ్గా చూడప్పా. మా ఇంట్లో అంతా ఓ పాజిటివే" అంది అవ్వ.

"బీనే అవ్వా."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అంతా వాళ్లమ్మ తరపు రక్తం" అని తేల్చేసింది. నాయన తలుపు దగ్గరికి వెళ్లి రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ నిలబడ్డాడు.

హాస్టల్ వరండాలో వరసగా రంగురంగుల బకెట్లు, వాటి మీద పెయింటుతో పేర్లు. ఆ బకెట్లు చూడగానే అవ్వ మొహం మాడిపోయింది. నీళ్లెలా ఉన్నాయని వార్డెన్‌ను అడిగితే, "ట్యాంకరు వస్తాది లెమ్మా" అంది. ఎప్పుడు వస్తుందో మాత్రం చెప్పలేదు. అవ్వ సంచి విప్పి టెంకాయ తీసి కొడుకు చేతిలో పెట్టింది.

నాయన చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర నుంచి మెస్సు దాకా నడిచాడు. టెంకాయ లేవలేదు. మెస్సు నుంచి బట్టలారేసే తీగల దాకా నడిచాడు. లేవలేదు. "పెద్దాయనా, ఏం జేస్తాండారు ఈడ?" అంటూ వార్డెన్ ఆపడానికే వచ్చింది. సంగతి విన్నాక ఆపడం మానేసి వెనకే నడిచింది. ఆమె వెనక వాచ్‌మన్, ఆయన కూడా చెప్పులు విడిచేశాడు. వాచ్‌మన్ వెనక తలకు నూనె పెట్టుకున్న అమ్మాయిలు, చేతిలో పళ్లేలతో అమ్మాయిలు. అందరికంటే ముందు అవ్వ, "ఈశాన్యం పక్కకు పోరా" అని దారి చూపిస్తూ. అంత మొద్దు నిద్ర పోయే టెంకాయను నేను అంతకుముందు చూడలేదు.

ఇక మిగిలింది వెనక గోడ పక్కన బట్టలుతికే బండల చోటు ఒక్కటే. బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్న దాన్ని, వందమంది ముందు నిలబడి ఒక టెంకాయను మనసులో బతిమాలుకున్నాను. లేయవే, నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి లేయవే అని. నాయన బండల దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. మళ్లీ అటు తిరిగాడు. టెంకాయ లేచి నిలబడింది.

అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్ పరుగున పోయి ఒక రాయి తెచ్చి పెట్టాడు. అవ్వ నా తల నిమిరి, "చదువుకో పో" అంది.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ నీళ్లకు మొహం వాచిపోయి ఉన్న వార్డెన్ కాలేజీ వాళ్ల వెంటపడి, నెల తిరక్కముందే ఆ రాయి దగ్గర బోరు వేయించింది. రెండు వందల ఎనభై అడుగులకు నీళ్లు ఎగజిమ్మాయి. ఆ రోజు హాస్టల్లో ఎవరూ క్లాసుకు వెళ్లలేదు. అందరూ తలస్నానాలు చేశారు.

ర్యాగింగ్ ఎలా తప్పించుకోవాలని పిల్లలు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, హాస్టల్లో మీ నాయన చేత బోరు పాయింటు పెట్టించడం. సీనియర్లు నా బకెట్ మోసేవాళ్లు. స్నానాల గదుల్లోంచి "మీ నాయన సల్లగుండల్ల మే" అని కేకలు వినిపించేవి. మెస్సులో నాకు రెండో కోడిగుడ్డు అడక్కుండానే పడేది. ఓ పాజిటివ్ కూతురినని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని దాచుకోవాలని కూడా నాకు తోచలేదు.

ఈ సంగతి మా పల్లె దాటి పోయింది. ముదిగుబ్బ, యాడికి లాంటి ఊళ్ల నుంచి జనం జీపులు మాట్లాడుకుని మా ఇంటి ముందు దిగడం మొదలుపెట్టారు. నాయన ఎవరి వెంటా వెళ్లలేదు. మోకాళ్లంటాడు. టౌను హాస్టలుకు లేచిన మోకాళ్లు మాకు లేవవా అని వాళ్లు నిష్ఠూరమాడి వెళ్లారు. ఊళ్లో పొగరన్నారు. అవ్వ కొడుకుతో మాట్లాడడం మానేసింది. ఇవన్నీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే నాకూ కోపమే వచ్చింది. ఇన్నేళ్లకు మనిషికి కాస్త పేరొస్తే కాలదన్నుకుంటాడేమిటని.

అప్పుడే మా జువాలజీ మేడమ్ ఒక అసైన్‌మెంటు ఇచ్చింది. అమ్మ, నాన్న, మీరు. ముగ్గురి రక్తం గ్రూపులు కనుక్కుని, ఎవరి నుంచి ఏది వచ్చిందో చార్టు గీసుకుని రావాలి. ఏ గ్రూపుల వాళ్లకు ఏ గ్రూపు పిల్లలు పుడతారో చెప్పే పట్టిక నేను ఇంటర్లోనే బట్టీ పట్టాను, దానికి మార్కులూ తెచ్చుకున్నాను. అది మా ఇంటి గురించి కూడా అని ఒక్కసారి కూడా అనిపించలేదు. సలహా అనదగ్గది నా దగ్గర ఏదైనా ఉంటే ఇదొక్కటే, పుస్తకంలో ఉన్నదాన్ని ఒకసారి ఇంటికి తీసుకెళ్లి చూడండి. తీసుకెళ్లే ముందు మాత్రం కాస్త జాగ్రత్తపడండి.

అమ్మకు ఫోన్ చేశాను. నేను కడుపులో ఉన్నప్పుడు ఆస్పత్రి వాళ్లిచ్చిన కార్డు తీసి పక్కింటి అక్క చేత చదివించి, తనది ఓ అని చెప్పింది. నాయన సంగతి అడగనే లేదు, అడగాల్సిన పనేముంది. ఎర్ర స్కెచ్‌తో అమ్మ ఓ, నాయన ఓ, కింద నేను బీ అని గీసి, చుట్టూ పూల బోర్డరు వేసి మేడమ్‌కు ఇచ్చాను.

మేడమ్ చార్టు చూసింది. నన్ను చూసింది. మళ్లీ చార్టు చూసింది. తరువాత దాన్ని మెల్లగా మడిచి నా చేతిలో పెట్టి, "బోర్డరు చాలా బాగుంది. ఇంకోసారి ఇంట్లో కనుక్కుని రామ్మా. తొందరేం లేదు, ఎప్పుడైనా ఇవ్వొచ్చు" అంది. మిగతా వాళ్లందరికీ సోమవారమే ఆఖరు.

బెంచీ దగ్గరికి వచ్చి కూర్చున్నాక పట్టిక గుర్తొచ్చింది. ఓకూ ఓకూ పుట్టే పిల్లలకు ఓ తప్ప ఇంకోటి రాదు. నేనేమో బీ.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయికి చెప్పడం నేను చేసిన పెద్ద తప్పు. సాయంత్రానికి గదిలో ఎవరూ నా మొహం వైపు చూడడం లేదు. ఒక సీనియర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంట్లో ఏం అడగాకు మే, పెద్దోళ్లన్నాక ఏవేవో ఉంటాయి" అంది. ఇంకో అమ్మాయి మాటేమీ లేకుండా రెండు బిస్కెట్లు నా మంచం మీద పెట్టి వెళ్లింది. నేను వాళ్లను తిట్టాను, తిడుతూనే బిస్కెట్లు తిన్నాను, తరువాత ఏడ్చాను.

అమ్మను అనుమానించాలంటే నాకే నవ్వొచ్చేది. మా అమ్మకు పొయ్యి, దొడ్డి, చేను తప్ప నాలుగో చోటు లేదు. అద్దంలో చూసుకుంటే నా ముక్కు నాయన ముక్కే, కొస కాస్త అణిగి. కాలి రెండో వేలు ఆయనదే, బొటనవేలి కంటే పొడుగు. కానీ ముక్కుకు మార్కులు లేవు. పట్టికకు ఉన్నాయి. నాయన నా నాయన కాకపోతే ఎలా అన్నది మనసులోకి వచ్చిన ప్రతిసారీ లేచి మళ్లీ అద్దం ముందుకు వెళ్లేదాన్ని.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఊరికి వెళ్లాను. నాయన చేలో చెనిక్కాయ చెట్లు పీకుతున్నాడు. ఒక్కడే ఉన్నాడు. నేను గట్టు మీద కూర్చున్నాను.

"నాయనా, నీ రక్తం ఏ గ్రూపు?"

ఆయన చెట్టు పీకడం ఆపలేదు. "ఊరంతా తెలిసిందే గదమ్మా."

"ఊరు చెప్పేది కాదు. నువ్వు చెప్పు."

నేను చార్టు విప్పి గట్టు మీద పరిచాను. గాలికి ఎగరకుండా అటూ ఇటూ మట్టిపెళ్లలు పెట్టాను.

"ఇట్ల చూడు. అమ్మది ఓ. నాది బీ. నీది గూడా ఓ అయితే నేను నీకు పుట్టలేదంట. పుస్తకంలో ఉండాది" అన్నాను.

నాయన చేతిలోని చెట్టు కింద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఆ పూల బోర్డరు వైపు చూశాడు. తరువాత చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, వాటి మధ్యలో నాలుగు మడతలు వేసిన చిన్న అట్ట. రక్తం ఇచ్చిన వాళ్లకు ఆస్పత్రిలో ఇచ్చే కార్డు. దాని మీద నీలి సిరాతో బీ పాజిటివ్ అని రాసి ఉంది.

"పోయినేడు పక్కింటాయమ్మ కాన్పప్పుడు రక్తం కావల్లంటే, నాది ఓ పాజిటివ్ గదా అని రొమ్మిరుసుకోని పోయినా" అన్నాడు. "బీ అనిరి. ఇంగోసారి చూడప్పా అంటి. మూడుతూర్లు చూసిరి. మూడుతూర్లూ బీనే."

"మరి టెంకాయ?"

"అదే నాకూ తెల్దు. అంతకుముందు దానంతట అదే లేస్తాందనే అనుకుంటాంటి. నీ మీదొట్టు. ఆ కార్డు చూసినంక లెక్కేసుకుంటి. ఎంతమంది చేన్లల్లో ఉత్త గుంతలు తోడిపిచ్చినానో అని. ఆ పొద్దు నుంచి మానుకుంటి."

"హాస్టల్లో లేచింది గదా నాయనా."

"లేయలే" అన్నాడు. "నేనే లేపినా. నీ మొగం చూసినా. ఏలు మడిస్తి, అది నిలబడె."

చార్టు మీది మట్టిపెళ్ల ఒకటి నా చేతిలో పొడైపోయింది.

"దుడ్లు పెట్టి ఆడ బోరు ఏపిస్తారని నాకేం తెల్సు? ఏస్తాండారని తెలిసినప్పుడు మూడు దినాలు ముద్ద దిగలే. నీళ్లు పడినాయని మీ వార్డెనమ్మ ఫోన్ చేస్తే గోడపక్కకు పోయి ఏడిస్తి." ఆయన మళ్లీ చార్టు వైపు చూశాడు. "నిజమనుకోని పెట్టిన పాయింట్లల్లో దుమ్ము లేసె. అబద్ధం పెట్టిందాంట్లో నీళ్లు పడె. ఇప్పుడు జీపులేసుకోని వస్తాండారు. వాళ్లకు నేను ఏమని చెప్పల్ల?"

ఆయన మీద నేను పడిన కోపమంతా గుర్తొచ్చి సిగ్గేసింది. ఊరంతా పొగరన్నా, కన్నతల్లి మాట్లాడకపోయినా, నేను నీళ్లున్న హాస్టల్లో గర్వంగా తిరుగుతుంటే ఆయన ఒక్కడే దీన్ని మోసుకుని తిరిగాడు.

"మీ మేడంకు నా వల్ల తప్పు రాసిస్తివి" అన్నాడు చార్టు తీసి మట్టి దులుపుతూ. "మార్కులు కోస్తారా?"

"కోయరు నాయనా, దిద్దితే చాలు" అని బ్యాగులోంచి స్కెచ్ తీశాను. నాయన పేరు పక్కనున్న ఓను కొట్టేసి బీ అని రాశాను. అక్కడి నుంచి కిందికి నా బీ దాకా గీత లాగి ఆయనకు చూపించాను. "ఇది నీ దగ్గర్నించే వచ్చింది. నువ్వు బీ అయితేనే నేను నీ కూతుర్ని. ఓ అయ్యుంటే కాదు."

"ఇంగోసారి చెప్పు."

మళ్లీ చెప్పాను. గీత మీద వేలు పెట్టి, పై నుంచి కిందికి నెమ్మదిగా లాగుతూ చెప్పాను.

నాయన ఒళ్లోని కార్డు తీసుకుని మడతలు విప్పి, మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేశాడు. ఆ అక్షరం వైపు కాసేపు చూశాడు.

"అట్లయితే బీనే మేలు లేమ్మా" అన్నాడు.